రెండో సగం

మా ఆసుపత్రిలో చీకటి పడ్డాక కింది అంతస్తుకు ఒంటరిగా ఎవరూ దిగేవారు కారు. పగలైనా పని ఉంటేనే.

లిఫ్టు దిగి ఎడమకు తిరిగితే బట్టలుతికే గది. అది దాటితే ఆక్సిజన్ గొట్టాలు పోయే సన్నటి నడవా. ఆ నడవా చివర కంప్యూటర్ గది ఉంటుంది. చెడ్డపేరంతా దానిదే.

రాత్రిళ్ళు లోపల ఎవరో కీబోర్డు కొడుతున్నట్టు చప్పుడయ్యేది. టక్... టక్... కాసేపు ఆగి, మళ్ళీ టక్. తలుపు అద్దంలోంచి చూస్తే కుర్చీ ఖాళీ. బట్టలుతికే ఆయన ఒకసారి చూడనే చూశాడు, ఆ వారమంతా జ్వరంతో మూలిగాడు. సెక్యూరిటీ అతనైతే అటు వెళ్ళడం మానేసి, వెళ్ళొచ్చినట్టు సంతకం పెట్టేవాడు.

"పాస్‌వర్డ్ పట్టుకుపోయిందిగా ఆవిడ! లంకెబిందెల మీద పాములా కూచుంది" అనేవారు గొంతు తగ్గించి.

నేను అప్పుడు మందుల కౌంటర్లో పనిచేసేవాణ్ణి. ఈ కథ కొంత నైట్‌డ్యూటీ సిస్టరమ్మ చెప్పగా విన్నాను. మిగతాది పెద్దకోడలి నోటినుంచే విన్నాను.

పెద్దకోడలంటే నిజంగా ఎవరి కోడలూ కాదు. ఆ గదిలో ఇద్దరు ఆడవాళ్ళు పనిచేసేవారు. ఎవరికి ఏ జబ్బు, ఏ మందు ఎప్పుడిచ్చారు, ఏది ఒంటికి పడదు — రోగుల వివరాలన్నీ ఒక్క డేటాబేస్‌లో ఉండేవి. దాన్ని కాపాడటం వాళ్ళ ఉద్యోగం. ఒకే గది, ఒకే పని... ఎడమొహం పెడమొహం. ఒక పొయ్యి దగ్గర మాటల్లేకుండా వంట చేసుకునే తోడికోడళ్ళలా ఉండేవారు. అందుకని ఒకావిడ పెద్దకోడలు, రెండో ఆవిడ చిన్నకోడలు. సూపరింటెండెంట్‌గారికి ఇంతేసి మీసాలున్నా, ఆ లెక్కన ఆయన అత్తగారు.

మొదట్లో అలా ఉండేవారు కాదట. చిన్నకోడలు పెద్దకోడలిని 'అక్కా' అనేది. ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యిపెట్టి తినేవారు. అడ్మిన్ ఖాతా అని ఒకటుంటుంది. దాంతో లోపలికి వెళితే ఆ డేటాబేస్‌లో చూడలేనిదీ లేదు, చెరపలేనిదీ లేదు. దానికి ఇద్దరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్. ఒకరు మార్చితే రెండోవారి చెవిలో చెప్పేవారు.

అలాంటి రోజుల్లో ఒక పెద్దమనిషి జబ్బు సంగతి బయటికి పొక్కింది. పొక్కిన రోజే అడ్మిన్ ఖాతాతో ఎవరో ఆయన వివరాలు తెరిచినట్టు తేలింది. ఇద్దరిలో ఎవరు తెరిచారో మాత్రం యంత్రం చెప్పదు కదా.

సూపరింటెండెంట్ ఇద్దర్నీ నిలబెట్టి అడిగాడు.

"నేను కాదు సార్" అంది పెద్దకోడలు. అక్కడితో ఆగినా బాగుండేది. "నా సంగతి వరకే నేను చెప్పగలను. ఆమె సంగతి నాకెలా తెలుస్తుంది?"

చిన్నకోడలు ఆవిడ మొహంలోకి చూసింది.

దారి కూడా పెద్దకోడలే చూపించింది. ఇకమీదట పాస్‌వర్డ్ రెండు ముక్కలు. మొదటి సగం తనది, రెండో సగం చిన్నకోడలిది. ఒకరు కొడుతుంటే ఇంకొకరు గోడవైపు తిరిగి నిలబడాలి. ఇద్దరూ ఉంటే తప్ప తలుపు తెరుచుకోకూడదు. అత్తగారికి ఇది తెగ నచ్చింది. రెండు సగాలూ రాసి నా బీరువాలో పెట్టండి అన్నాడు. అలా ఒకచోట చేర్చేదానికి విడదియ్యడం ఎందుకని ఇద్దరూ రాయలేదు.

కొత్త పాస్‌వర్డ్ పెట్టిన రోజు పెద్దకోడలు తన సగం కొట్టి, లేచి, గోడవైపు తిరిగింది. వెనక టకటకమని మీటలు. సరిచూడటానికి మళ్ళీ ఒకసారి అదే తంతు.

"అయింది మేడం" అంది చిన్నకోడలు.

మేడం అనడం అదే మొదలు. మళ్ళీ అక్కా అని పిలిచింది లేదు.

కొన్నాళ్ళకు నిజం బయటపడింది. ఆ పెద్దమనిషి వివరాలు డాక్టరు అడిగితేనే తెరిచారు. ప్రింటర్ దగ్గర మరిచిపోయిన కాగితం ఎవరి చేతిలోనో పడింది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. అయినా ఎవరూ ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. పాస్‌వర్డూ రెండు ముక్కలుగానే ఉండిపోయింది. కొన్ని నెలలకోసారి మార్చడం, మార్చినప్పుడల్లా గోడవైపు తిరగడం... ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ తరువాత చిన్నకోడలికి జబ్బు చేసింది. మంచి జబ్బు కాదు. మా ఆసుపత్రిలోనే నాలుగో అంతస్తులో చేరింది.

పెద్దకోడలు కింద, చిన్నకోడలు పైన. మధ్యలో ఒక లిఫ్టు.

పెద్దకోడలు ఒక్కరోజు కూడా పైకి వెళ్ళలేదు. వెళ్ళలేదు గాని చూస్తూనే ఉంది. పొద్దున రాగానే సొంత ఖాతాతో చిన్నకోడలి రిపోర్టులు తెరిచేది. రక్తం నిన్నటికంటే తగ్గింది. ఈ మందు పెంచారు. ఆ మందు ఆపేశారు... మందులు ఒక్కొక్కటే ఆపడమంటే ఏమిటో ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా లేచి వెళ్ళి లిఫ్టు మీట నొక్కలేదు. 'తనే ఒక కబురు పెట్టొచ్చుగా. ప్రతిసారీ నేనే తగ్గాలా?' అనుకుంది. నిజానికి ఏనాడూ తగ్గింది లేదు.

అత్తగారికి కంగారు పుట్టింది. "వెళ్ళి ఆ సగమేదో కనుక్కోవమ్మా. రేపేమన్నా అయితే మన గతేంటి?"

"అలాగే సార్" అంది.

మర్నాడు ఆయన మళ్ళీ అడిగాడు. వెళ్ళలేదని చెప్పడానికి మొహం చెల్లలేదు.

"అడిగాను సార్. చెప్పనంది."

అంతే. నోట్లోంచి జారిపోయింది.

ఆ వారంలోనే చిన్నకోడలు పోయింది. మాట మాత్రం పోలేదు. "ప్రాణం పోతున్నా చెప్పలేదట! కక్ష అంటే అదీ!" అని లిఫ్టులో ఒకరు, క్యాంటీన్‌లో ఒకరు. కక్షతో పోయినవాళ్ళు ఊరికే పోతారా? చూస్తుండగానే కింది గదిలో టక్ టక్ మొదలైంది. ఖాళీ కుర్చీ కథ మొదలైంది. పెద్దకోడలు సాయంత్రం అయిదు కొట్టకముందే గది తాళం వేసి వెళ్ళిపోయేది. ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే చీర కొంగు సర్దుకుంటూ అటు తిరిగేది.

అడ్మిన్ ఖాతా పాత పాస్‌వర్డ్ పగలగొట్టి కొత్తది పెట్టడానికి డేటాబేస్ అమ్మిన కంపెనీవాళ్ళు సోమవారం వస్తామన్నారు.

శనివారం రాత్రి డేటాబేస్ కూలబడింది.

వార్డుల్లో తెరలన్నీ బిగుసుకుపోయాయి. కంపెనీవాళ్ళ ఫోను మోగుతూనే ఉంది గాని ఎత్తిన నాథుడు లేడు. సూపరింటెండెంట్ పెద్దకోడలికి ఫోన్ చేసి, "నువ్వేం చేస్తావో నాకు తెలీదు!" అని పెట్టేశాడు. ఆవిడ ఆటోలో వచ్చేసరికి లిఫ్టు దగ్గర సిస్టరమ్మ కాచుకుని ఉంది. నాలుగో అంతస్తు నైట్‌డ్యూటీ ఆమెది. భారీ మనిషి, డాక్టర్లను కూడా కసిరే గొంతు. దెయ్యమంటే మాత్రం చిన్నపిల్ల.

"పొద్దున ఆపరేషనైన ముసలాయన నొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడమ్మా. ఇందాక ఏ మందు ఎంత ఇచ్చారో కనిపించట్లేదు. ఏదో మందు ఆయనకు పడదు, అది గుర్తుంది. ఏదో గుర్తులేదు. డాక్టరు సూది పట్టుకుని నిలబడ్డాడు గాని చెయ్యి రావట్లేదు. ఏదో ఒకటి చెయ్యండి."

"నాతో కిందికి రా."

"నేనా?!"

"ఒక్కదాన్నే వెళ్ళలేను సిస్టర్."

ఇద్దరూ దిగారు. నడవాలో ఒకే ఒక్క దీపం. గొట్టాల్లోంచి బుస్సుమంటూ గాలి. పెద్దకోడలు తాళంచెవి తీసింది...

టక్.

సిస్టరమ్మ ఆవిడ భుజం పట్టేసుకుంది. గోళ్ళు దిగాయి.

టక్... టక్.

"వద్దమ్మా... వెళ్ళిపోదాం" — గుసగుస.

పైన ముసలాయన ఉన్నాడు. పెద్దకోడలు కళ్ళు మూసుకుని తలుపు తోసింది.

చల్లగాలి మొహాన కొట్టింది. తడుముకుని లైటు వేసింది. కుర్చీలు రెండూ ఖాళీ. చిన్నకోడలి బల్లమీద కీబోర్డుకు ప్లాస్టిక్ కవరు కప్పి ఉంది... దాని మీద ఏసీ లోంచి నీటిబొట్టు పడింది. టక్.

ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఇంకో బొట్టు. టక్.

"ఓసి దీని దుంపతెగ!" అంది సిస్టరమ్మ. "ఈ నీళ్ళకా మేమంతా వణికి చచ్చాం!" నవ్వబోయింది గాని నవ్వు పూర్తిగా రాలేదు. గడప దాటి లోపలికీ రాలేదు.

పెద్దకోడలు తన కుర్చీలో కూచుని అడ్మిన్ ఖాతా తెరిచింది. నల్లటి తెర, పాస్‌వర్డ్ అడుగుతూ మినుకుమినుకుమనే గీత. ఆ తెరమీద ఏం కొట్టినా కనపడదు, చుక్కలు కూడా పడవు. వరసగా మూడుసార్లు తప్పు కొడితే ఖాతా మూసుకుపోతుంది. అప్పుడిక సోమవారం దాకా దేవుడు దిగొచ్చినా తెరవలేడు.

తన సగం కొట్టింది. దానికి చిన్నకోడలి కూతురి పేరు కలిపింది. ఎంటర్ నొక్కింది.

తప్పు.

ఇంకేం కొట్టాలి? ఆమెకు ఏమిష్టం? ఏ రంగు, ఏ ఊరు, ఏ పాట? ఒకే గదిలో ఇన్నేళ్ళు కూచున్నారు. ఆఖరి నెలలో ఆమె రక్తం ఏ రోజు ఎంతుందో అడిగితే నిద్రలో కూడా చెప్పగలదు. ఆమె కూతురు ఏం చదువుతోందో చెప్పలేదు. చివరికి పుట్టినరోజు వేసింది. అదీ మొన్న రిపోర్టులో చూసిందే.

తప్పు.

ఇంకొక్కసారే ఉంది.

పైనుంచి సిస్టరమ్మకు ఫోన్. "చేస్తున్నారు, చేస్తున్నారు..." అంటోంది ఆమె.

పెద్దకోడలు మూడోసారి తన సగం కొట్టింది. వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి. ఒక్క అక్షరం తోచలేదు. ఏసీలో కూచున్నా వీపంతా చెమట. ఎందుకు చేసిందో ఆవిడకే తెలియదు... ఏళ్ళ తరబడి అలవాటైన కాళ్ళు వాటంతటవే లేచాయి. కుర్చీ వదిలేసి నాలుగడుగులు నడిచి, గోడవైపు తిరిగి నిలబడింది.

"నా వంతయింది" అంది. "ఇక నీది కొట్టవే... నీ కాళ్ళు పట్టుకుంటాను."

గదిలో ఏసీ చప్పుడు. గోడకి తన నీడ.

వెనకాల... ఎవరో నడిచారు. మెత్తగా, చెప్పుల్లేకుండా. కుర్చీ కిర్రుమంది.

ఆవిడ తిరగలేదు.

టక్.

ఈసారి నీళ్ళ చప్పుడు కాదు. మీట చప్పుడే. ఆ తేడా ఆవిడకు తెలియనిది కాదు.

మెల్లగా తల తిప్పింది. నల్లటి తెర నిండా అక్షరాలు బిలబిలమని దిగుతున్నాయి. ఖాతా తెరుచుకుంది!

"వచ్చావా..." అంది.

"నేనేనమ్మా."

సిస్టరమ్మ. చెప్పులు గడప అవతల విడిచి, కుర్చీ వెనక చెయ్యి వేసి బిత్తరచూపులు చూస్తోంది. "మీరు కొట్టి అలాగే వదిలేసి గోడ దగ్గరికి వెళ్ళిపోయారు. భయంతో మతి తప్పిందేమో, ఎంటర్ మరిచిపోయారనుకున్నాను. పైనుంచి ఫోన్ మీద ఫోను. అందుకే నేనే నొక్కాను. తప్పా?"

పెద్దకోడలికి ఒక్కసారిగా నవ్వు ముంచుకొచ్చింది. కన్నీళ్ళొచ్చేలా నవ్వుతూ కుర్చీలో కూలబడింది. దెయ్యం లేదు. ఏమీ లేదు. ఇంత పెద్ద సిస్టరమ్మ, ఒక ఎంటర్ మీట, అంతే!

నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఇంకేం కొట్టావు సిస్టర్?"

"ఏమీ లేదు."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఎంటర్‌కి ముందు ఏమైనా తగిలిందా?"

"ఒక్క మీటేనమ్మా. నాకా గోలంతా ఎక్కడ తెలుసు?"

ముందు చెయ్యాల్సిన పని చేసింది. డిస్కులో నిండిపోయిన చోటు కొంత ఖాళీ చేసి, ఆగిపోయిన డేటాబేస్‌ను మళ్ళీ లేపింది. పైన తెరలు వెలిగాయి. ముసలాయనకు పడని మందేదో కనిపించింది, పడేది ఇచ్చారు. కాసేపటికి ఆయన నిద్రపోయాడని ఫోనొచ్చింది. అప్పుడు పెద్దకోడలు అడ్మిన్ ఖాతాలోంచి బయటికొచ్చి, నల్లటి తెర ముందు మళ్ళీ కూచుంది.

తన సగం ఒక్కటే కొట్టింది. ఎంటర్ నొక్కింది. తెరుచుకుంది.

మళ్ళీ బయటికొచ్చింది. మళ్ళీ తన సగం. మళ్ళీ తెరుచుకుంది.

రెండో సగం లేదు.

చిన్నకోడలు వెనక నిలబడి టకటకమని కొట్టిందంతా కొట్టి చెరిపేసిందో, ఉత్తినే మీటలమీద గోళ్ళు ఆడించిందో! ఆఖరిసారి ఇద్దరూ కలిసి పాస్‌వర్డ్ మార్చింది ఆమె ఆసుపత్రిలో చేరడానికి ముందు వారం. పోతానని తెలిసి, అప్పుడొక్కసారే ఖాళీ వదిలిందా? లేక మొదటినుంచీ ఇంతేనా? మొదటినుంచీ ఇంతే అయితే... అర్ధరాత్రి తను ఫోన్ చేసి "మీ సగం కావాలి" అంటే చిన్నకోడలు వర్షంలో తడుస్తూ వచ్చిన రాత్రులు? కూతురికి జ్వరమని చెప్పకుండా వచ్చి, చెప్పకుండానే వెళ్ళిపోయిన రాత్రి? ఆ జ్వరం సంగతి తరువాత ఎవరో అంటే తెలిసింది. వచ్చి ఏం కొట్టి వెళ్ళినట్టు? 'మీ ఒక్కరికే తెరుచుకుంటుంది మేడం, నన్ను పడుకోనివ్వండి' అని ఒక్క మాట ఎందుకు అనలేదు?

"నమ్మి అలా చేసిందో, నన్ను వెక్కిరిస్తూ చేసిందో ఇప్పటికీ తెలీదయ్యా" అంది నాతో. "అడగడానికి మనిషేది?"

సిస్టరమ్మ చెప్పులు వేసుకుంటూ గడప దగ్గర ఆగింది. మనిషికి కంప్యూటర్ల తెలివి లేకపోవచ్చు గాని జరిగింది అర్థమైంది.

"ఒకటి అడుగుతా, ఏమనుకోకండి. ఆవిడ పాస్‌వర్డ్ చెప్పనంది అన్నారు కదా... మీరెప్పుడొచ్చారమ్మా పైకి?"

పెద్దకోడలు తెరవైపే చూస్తోంది.

"ఆ నెలంతా రాత్రిళ్ళు నేనే ఉన్నాను. పగటి డ్యూటీ సిస్టర్‌ని కూడా అడిగాను. ఆఫీసువాళ్ళెవరూ రాలేదంది. లిఫ్టు తలుపు తీసిన చప్పుడైతే చాలు, ఆవిడ తల తిప్పి చూసేది. ఎవరి కోసం అంటే చెప్పేది కాదు." రెండో చెప్పు తొడుక్కుంది. "నాకెందుకులెండి" అని వెళ్ళిపోయింది.

సిస్టరమ్మ ఆ మాట చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. డేటాబేస్ ఎలా తెరుచుకుందని సూపరింటెండెంట్ అడిగితే, "ఏదో తోచింది కొట్టాను సార్" అంది పెద్దకోడలు. ఎవరూ నమ్మలేదు. ఆ రాత్రి దెయ్యమే వచ్చి తన సగం కొట్టి పోయిందని ఆసుపత్రంతా చెప్పుకుంది. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. కాదంటే మిగతాది కూడా చెప్పాలి కదా. ఏసీ బాగుచేయించినా ఆ గదికి చెడ్డపేరు పోలేదు. చచ్చినా కక్ష తీరని మనిషిగా చిన్నకోడలి పేరూ అలాగే ఉండిపోయింది.

ఆవేళ తెల్లవారుజామున, సిస్టరమ్మ వెళ్ళిపోయాక, పెద్దకోడలు గది తాళం వేసి లిఫ్టు ఎక్కింది. నాలుగో మీట నొక్కింది.

వార్డులో దీపాలు తగ్గించి ఉన్నాయి. కిటికీ పక్క మంచం అని ఆవిడకు తెలుసు. రిపోర్టు మీద రోజూ చూసిన నంబరే. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళింది. లిఫ్టు చప్పుడుకే కాబోలు, ఆ మంచంమీది మనిషి అప్పటికే ఇటు తిరిగి చూస్తోంది.

ముసలావిడ ఎవరో. చేతికి సెలైన్. నిద్రకళ్ళతో ఆవిణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎవరినైనా చూడ్డానికొచ్చావా అమ్మా?"

పెద్దకోడలు తలూపింది.

"ఇప్పుడు రానివ్వరమ్మా" అంది ముసలావిడ, జాలిగా. "టైం అయిపోయింది."